నిండు సంసారి మర్హూమ్ అబ్బాస్ త్యాబ్జీ సాహెబ్

పెద్దల జీవిత చరిత్రలు రాసేవారు సాధారణంగా వారి పదవుల గురించి, ఉపన్యాసాల గురించి, జైలు జీవితం గురించి పేజీలకు పేజీలు రాస్తారు. ఇంట్లో ఆ మనిషి ఎలాంటివాడు, భార్యను ఎలా చూసుకున్నాడు, బిడ్డలను ఎలా పెంచాడు అన్న సంగతి మాత్రం చివర్లో ఒక్క వాక్యంతో తేల్చేస్తారు. అందుకే ఈ ఏడాది సంచికకు వ్యాసం రాయమని మిత్రులు పట్టుబట్టినప్పుడు, ముందు ఇల్లు తెలిసి ఆ తరువాత లోకానికి తెలిసిన ఒక మనిషిని ఎన్నుకున్నాను. ఆయనే బరోడా సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన జనాబ్ అబ్బాస్ త్యాబ్జీ సాహెబ్. మన పిల్లల్లో చాలామందికి ఈ పేరు తెలియదు. పాఠ్యపుస్తకాల్లో దండి ఉంటుంది, ఉప్పు ఉంటుంది. గాంధీగారిని పట్టుకుపోయాక ఆ ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించిన డెబ్బయ్యారేళ్ళ ముసలాయన పేరు మాత్రం ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అదీ ఉంటే!

ఆయన 1854 ఫిబ్రవరి 1న జన్మించారు. తాతగారు ముల్లా త్యాబ్ అలీ ఖంబాత్ మూలాలున్న కుటుంబంలో పుట్టి, బొంబాయిలో కష్టపడి వ్యాపారంలో పైకి వచ్చిన మనిషి. సులైమానీ బోహ్రా కుటుంబం. త్యాబ్ అలీగారికి కొడుకులు ఆరుగురు. వారిలో ఒకరైన షంసుద్దీన్ గారి కుమారుడే మన అబ్బాస్. మరొక కొడుకు బద్రుద్దీన్ త్యాబ్జీ. ఈ బద్రుద్దీన్ గారిని ఎరుగని చదువరి ఉండరు. 1867లో బారిష్టరై బొంబాయి హైకోర్టులో పేరు గడించి, 1887లో మద్రాసులో జరిగిన మూడవ కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించిన మహనీయుడు ఆయన. అబ్బాస్ గారికి ఆయన చిన్నాన్న, ఆపైన మామగారు కూడా. ఎందుకంటే అబ్బాస్ గారి భార్య అమీనా బేగం బద్రుద్దీన్ గారి కుమార్తె.

ఆ కుటుంబపు సంగతి కొంచెం చెప్పాలి. చెప్పకపోతే అబ్బాస్ గారు అర్థం కారు. ఆ ఇళ్ళలో ఒక విచిత్రమైన అలవాటు ఉండేది. ప్రతి శాఖవారి ఇంట్లోనూ ఒక పెద్ద బౌండు పుస్తకం తెరిచి పెట్టి ఉంచేవారు. దాని పేరు అఖ్బార్ కీ కితాబ్. ఇంట్లో పెద్దలు, పిల్లలు, ఆడవారు, చుట్టపుచూపుగా వచ్చినవారు, ఎవరికి తోచింది వారు అందులో రాయవచ్చు. ఎవరు ఊరు వెళ్ళారు, ఎవరికి జ్వరం తగిలింది, ఏ పుస్తకం చదివారు, ఏ మాటకు ఏ వాదన జరిగింది, అన్నీ అందులోకి ఎక్కేవి. ఒకరు రాసినదాన్ని మరొకరు చదివి కింద తమ అభిప్రాయం కూడా రాసేవారు. మొదట గుజరాతీ మాట్లాడే ఆ కుటుంబం త్యాబ్ అలీగారి నిర్ణయం వల్ల ఉర్దూకు మళ్ళింది. పందొమ్మిదవ శతాబ్దంలో మన ఆడపడుచులకు కలం పట్టడమే గొప్పగా ఉన్న రోజుల్లో, ఆ ఇంటి ఆడవారు తమ మనసులోని మాట అందరూ చదివే పుస్తకంలో రాసి పెట్టారంటే ఆ ఇల్లు ఎలాంటిదో మీరే ఊహించుకోండి. (మా ఇంట్లోనూ ఇలాంటి పుస్తకం ఒకటి పెడదామని నేను ఒకప్పుడు ప్రయత్నించాను. నెల తిరిగేసరికి అది చాకలి పద్దు పుస్తకమైంది. అది వేరే కథ లెండి.)

మన హైదరాబాదుకూ ఆ ఇంటితో బంధుత్వం ఉంది. నిజాం ప్రభుత్వంలో ప్రధానిగా పనిచేసిన సర్ అక్బర్ హైదరీ బద్రుద్దీన్ గారికి మేనల్లుడు. ఆయన భార్య అమీనా హైదరీ బేగం కూడా త్యాబ్జీల ఆడపడుచే, నజ్ముద్దీన్ త్యాబ్జీగారి కుమార్తె. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి పట్నాన్ని ముంచెత్తినప్పుడు నిరాశ్రయులైన స్త్రీలకు, పిల్లలకు సహాయం చేయడానికి ముందుకు వచ్చినవారిలో ఆమె ఒకరు.

ఇక అబ్బాస్ గారి సంగతి. చిన్నతనంలోనే ఇంగ్లండు పంపారు. పదకొండు సంవత్సరాలు అక్కడే ఉండి, 1875లో బారిష్టరై తిరిగి వచ్చారు. అప్పుడు వయస్సు ఇరవయ్యొకటి. అంత లేత వయసులో పదకొండేళ్ళు అక్కడ గడిపినవాడు దొర కాకుండా ఎలా ఉంటాడు? బరోడా సంస్థానంలో న్యాయశాఖలో ప్రవేశించి, మెట్టుమెట్టుగా ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. అప్పటి బరోడా అంటే సయాజీరావు గాయక్వాడ్ గారి బరోడా. 1906లో రాజ్యమంతటా నిర్బంధ ప్రాథమిక విద్య పెట్టిన రాజ్యం అది. అలాంటిచోట న్యాయపీఠం మీద కూర్చున్న మనిషికి పేరుతో పాటు పలుకుబడి, పెద్ద జీతం, ఆ తరువాత పింఛను, బంగళా, దర్జీ చేత కుట్టించిన విలాయతీ సూట్లు అన్నీ సమకూరాయి.

పక్షుల శాస్త్రవేత్తగా ప్రపంచ ప్రఖ్యాతి పొందిన సాలిం అలీ ఆయనకు బంధువు, చిన్నప్పటినుంచి ఎరిగినవాడు. 1985లో వెలువడిన తన ఆత్మకథలో సాలిం అలీ ఈ పెద్దాయన గురించి రాసింది చదివితే నవ్వొస్తుంది. లోపల దేశాభిమానం ఉన్నా, తన ఎదుట ఇంగ్లీషువారిని ఎవరైనా ఒక్క మాట అంటే అబ్బాస్ సాహెబ్ సహించేవారు కాదట. చక్రవర్తి కుటుంబం మీద చిన్న చలోక్తి కూడా ఆయనకు గిట్టేది కాదు. స్వదేశీ ఉద్యమం వంటివాటి మీద మోజు కనబరచలేదు. గాంధీగారి పద్ధతులతో మొదట్లో గట్టిగా విభేదించారు. అయితే న్యాయమూర్తిగా ఆయన నిజాయితీని ప్రభుత్వ వ్యతిరేకులు సైతం శంకించలేదు. ఇదీ సాలిం అలీ చెప్పిన మాటల సారం.

దొరల అభిమాని అన్నాం కదా, ఆ దొరతనంలో మంచి కూడా ఉంది. ఇంట్లో ఆడవారి విషయంలో ఆయన ఆనాటి షరీఫులకు భిన్నంగా నడిచారు. ఘోషాను పక్కన పెట్టారు. కూతుళ్ళను బడికి పంపారు. ఈనాడు ఇది చిన్న విషయంగా కనబడవచ్చు. కాని మొదటి కూతురు షరీఫా పుట్టింది 1883లో. ఆ కాలంలో జడ్జీగారి అమ్మాయి బడికి పోతోందంటే ఊళ్ళో ఎన్ని నోళ్ళు లేచి ఉంటాయి? మన పక్కింటివారు ఏమనుకుంటారోనని మనం ఇప్పటికీ మానేసే పనులు ఎన్నో ఉన్నాయి. ఆయన మాననందువల్ల ఏం జరిగిందో చూడండి. ఆ షరీఫా, హమీద్ అలీ అనే ఐ.సి.ఎస్. అధికారిని వివాహమాడి, బాల్యవివాహాలకు వ్యతిరేకంగా, స్త్రీల చట్టబద్ధమైన హక్కుల కోసం జీవితమంతా పనిచేశారు. అఖిల భారత మహిళా మహాసభకు అధ్యక్షురాలయ్యారు. ముస్లిం స్త్రీకి రక్షణ కలిగేలా నికాహ్‌నామా నమూనా ఒకటి తయారు చేశారు. 1947లో ఐక్యరాజ్యసమితి స్త్రీల స్థితిగతుల సంఘం మొట్టమొదటి సమావేశాల్లో భారతదేశం తరఫున కూర్చున్నది ఆమే.

తరువాత కూతురు రెహానా 1901లో పుట్టింది. అక్కకూ ఆమెకూ పద్ధెనిమిదేళ్ళ తేడా. ఈ రెహానా దైవభక్తి పారవశ్యంలో పెరిగిన పిల్ల. గొప్ప గాయని. కృష్ణ భజనలు పాడేది, గోపిక హృదయం మీద ఇంగ్లీషులో పుస్తకం కూడా రాసింది. గాంధీగారి ప్రార్థన సభల్లో ఆమె పాటంటే అందరూ చెవులప్పగించేవారు. గాంధీగారు యరవాడ జైల్లో ఉండగా ఉర్దూ నేర్చుకుంటూ ఆమెకు ఉర్దూలో ఉత్తరాలు రాసి తప్పులు దిద్దించుకునేవారు. ముస్లిం కుటుంబంలో పుట్టిన పిల్ల భజనలు పాడటమేమిటని మన పాఠకుల్లో కొందరు కనుబొమలు ముడుస్తారని నాకు తెలుసు. నచ్చినా నచ్చకపోయినా, ఆ బిడ్డ మనసు ఎటు పోయిందో చూసి, దాన్ని విరగ్గొట్టని తండ్రి ఒకరు ఉన్నారన్న సంగతి మాత్రం కాదనలేం. మరో కూతురు సొహైలాను అలీగఢ్ విశ్వవిద్యాలయంలో చరిత్ర ఆచార్యులైన మహమ్మద్ హబీబ్ గారికి ఇచ్చి చేశారు.

ఇలా అరవయ్యేళ్ళు వచ్చాయి. పదవీ విరమణ అయింది. మామూలు మనుషులకైతే ఇక తస్బీ తిప్పుకుంటూ మనుమలను ఆడించుకునే వయసు. 1917లో గోధ్రాలో జరిగిన సభలకు గాంధీగారితో పాటు హాజరయ్యారు గాని, అప్పటికీ ఆయన సూటూ బూటూ చెక్కుచెదరలేదు.

చెదిరింది 1919లో. ఆ ఏప్రిల్ 13న అమృత్‌సర్ జలియన్‌వాలా బాగ్‌లో జనరల్ డయ్యర్ సేనలు 1650 గుళ్ళు పేల్చాయి. 379 మంది మరణించారని ప్రభుత్వం లెక్క చెప్పింది. వెయ్యిమంది దాకా పోయారని కాంగ్రెసువారు అన్నారు. ప్రభుత్వం హంటర్ గారి కింద ఒక విచారణ సంఘం వేసింది. కాంగ్రెసు తన తరఫున వేరే సంఘం వేసింది. అందులో గాంధీగారు, చిత్తరంజన్ దాస్, జయకర్ గార్లతో పాటు అబ్బాస్ త్యాబ్జీ సాహెబ్ సభ్యులు. అందరూ బారిష్టర్లే గాని, న్యాయపీఠం మీద జీవితం గడిపినవారు ఈయన. సాక్షిని ఎలా అడగాలో, అబద్ధాన్ని ఎలా పసిగట్టాలో ఈయనకు వేరే చెప్పాలా?

ఈ సంఘం 1700 మందికి పైగా సాక్షులను విచారించి, సుమారు 650 వాఙ్మూలాలను ప్రచురించింది. నివేదిక 1920 మార్చిలో వెలువడింది. అంకెలు చెప్పడం తేలికే. కాని ఆ సాక్షులు ఎవరు? కొడుకును పోగొట్టుకున్న తండ్రులు. రాత్రంతా శవాల మధ్య భర్త శవాన్ని కాపలా కాసిన ఆడవారు. నడివీధిలో బోర్లా పడుకుని పొట్టమీద పాకమని సైనికులు శాసించిన సందులోని కాపురస్థులు. ఇంగ్లీషువారి న్యాయం మీద జీవితమంతా నమ్మకం పెట్టుకుని, వారి చట్టం ప్రకారం తీర్పులు రాసిన మనిషి ఎదుట ఈ జనం ఒకరి తరువాత ఒకరు వచ్చి నిలబడ్డారు. ఆయన వినవలసి వచ్చింది. వినడమే ఆయన వృత్తి మరి.

నేననుకునేదేమంటే, ఆయన్ని మార్చింది గాంధీగారి ఉపన్యాసాలు కావు. ఆ వాఙ్మూలాలు. జడ్జీ సాక్ష్యం చూసి తీర్పు మార్చుకున్నాడు, అంతే. 1920 ఆగస్టులో అహమ్మదాబాదులో జరిగిన గుజరాత్ రాజకీయ మహాసభకు ఆయనే అధ్యక్షులు. కలకత్తా ప్రత్యేక కాంగ్రెసు కంటే ముందే సహాయనిరాకరణను ఆమోదించిన సభ అది.

ఇప్పుడు ఇంటి సంగతికి వద్దాం. ఇంటి యజమాని అరవయ్యారేళ్ళ వయసులో మారితే ఇల్లు ఏమవుతుంది? విదేశీ బట్టల దహనం రోజుల్లో త్యాబ్జీగారి ఇంటినుంచి ఒక ఎద్దుబండి నిండా బట్టలు బయలుదేరాయి. చిన్న కూతురు సొహైలా ఆ దృశ్యాన్ని తరువాత కాలంలో గుర్తు చేసుకుంది. అమ్మగారి మంచి మంచి బట్టలు, ఐర్లండు నారబట్టతో చేసిన దుప్పట్లు, బల్లమీద పరిచే గుడ్డలు, నాన్నగారి అంగర్ఖాలు, చోగాలు, విలాయతీ సూట్లు, ఆ పిల్ల ఎంతో ఇష్టపడే పట్టు టోపీలు, ముఖమల్ టోపీలు, అన్నీ ఆ బండిలోకే ఎక్కాయి. అన్నీ మంటల్లో పడ్డాయి.

ఆయన సూట్లు ఆయన కాల్చుకోవడంలో వింత లేదు. ఆయన మనసు మారింది, ఆయన కాల్చుకున్నారు. నేను ఆగి ఆలోచించేది అమీనా బేగం గారి సంగతి. ఏళ్ళ తరబడి బీరువాలో మడతపెట్టి దాచుకున్న బట్టలవి. ఆ మంట ముందు ఆ ఇల్లాలి మనసులో ఏముందో ఎవరు చెప్పగలరు? మనకు తెలిసింది ఆ తరువాత ఆమె చేసిన పనులే. 1930లో గుజరాత్ స్త్రీలు సారా దుకాణాల దగ్గర, విదేశీ బట్టల కొట్ల దగ్గర పికెటింగుకు నడుం కట్టినప్పుడు వారి ముందువరసలో అమీనా త్యాబ్జీ ఉన్నారు. మామూలుగా దేశసేవకుల ఇళ్ళలో భర్త ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే భార్య ఇంట్లో కన్నీరు పెట్టుకున్న కథలే ఎక్కువ. ఈ ఇంట్లో అలా జరగలేదు. తల్లి, కూతుళ్ళు, తండ్రి ఒకే బండిలో ఎక్కారని చెప్పాలి.

ఆ పైన పదేళ్ళూ ఆయన జీవితం చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. రైల్లో మూడో తరగతి పెట్టెలో ప్రయాణం. ధర్మశాలల్లో, ఆశ్రమాల్లో బస. నేలమీద పడక. పల్లెలకు మైళ్ళకు మైళ్ళు కాలినడక. తెల్లని గడ్డంతో, ముతక ఖద్దరుతో, ఎద్దుబండి మీద ఖద్దరు మూటలేసుకుని అమ్మేవారు. 1928లో బార్డోలీ రైతులు పెంచిన శిస్తు కట్టమని సర్దార్ పటేల్ నాయకత్వంలో ఎదురు తిరిగినప్పుడు అక్కడా ఈ ముసలాయన ఉన్నారు. ఒకనాటి ప్రధాన న్యాయమూర్తి వీధిలో ఖద్దరు అమ్ముతుంటే చూసినవారికి నవ్వొచ్చిందో, కన్నీరొచ్చిందో.

అంత కష్టంలోనూ మనిషి హాస్యం పోలేదు. గాంధీగారికీ ఆయనకూ మధ్య ఒక సరదా ఉండేది. ఎదురైతే నమస్కారానికీ సలాముకూ బదులు భుర్‌ర్‌ర్ అని ఒక వింత ధ్వని చేసుకునేవారు. గాంధీగారు ఆయనకు రాసిన ఉత్తరాల్లో సంబోధన కూడా ఆ ధ్వనే. ఒకరు దేశానికి మహాత్ముడు, మరొకరు ఆయనకంటే పదిహేనేళ్ళు పెద్దయిన మాజీ జడ్జీ. ఇద్దరూ ముసలితనంలో బడిపిల్లల్లా ఇలా పలకరించుకునేవారంటే ఆ స్నేహం ఎంత దగ్గరదో వేరే చెప్పాలా!

1930 సంవత్సరం వచ్చింది. మార్చి 12న బయలుదేరిన గాంధీగారు ఏప్రిల్ 6న దండిలో ఉప్పు పట్టారు. తరువాత ధరాసనా ఉప్పు కొఠార్ల మీదకు వెళతానని వైస్రాయికి తెలియజేశారు. తనను పట్టుకుపోతే ఆ స్థానంలో నాయకుడు ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు ఎన్నుకున్నది అబ్బాస్ సాహెబ్‌ను. యువకులు ఎందరో ఉండగా డెబ్బయ్యారేళ్ళ వృద్ధుణ్ణి! మే 5న అర్ధరాత్రి దాటాక కరాడీ శిబిరంలో గాంధీగారిని నిర్బంధించారు. వారం తిరిగేసరికి, మే 12న, అబ్బాస్ సాహెబ్ వాలంటీర్లతో ధరాసనాకు కదిలారు. పక్కన కస్తూరిబా కూడా ఉన్నారు. దూరం పోనివ్వకుండానే పోలీసులు ఆపి ఆయన్ని నిర్బంధించారు. మూడు నెలల శిక్ష పడింది. జీవితమంతా ఇతరులకు శిక్షలు విధించిన మనిషి, తన శిక్ష విని జైలుకు నడిచారు.

ఆయన తరువాత ఆ దండును నడిపింది మన హైదరాబాదు ఆడపడుచు సరోజినీ నాయుడు. మే 21న సుమారు 2500 మంది ధరాసనా కొఠార్ల వైపు నడిచారు. చేయి ఎత్తకుండా నిలబడ్డవారి తలల మీద లాఠీలు పడ్డాయి. ఆసుపత్రి పాకలో 320 మంది గాయపడ్డవారిని, ఇద్దరు మృతులను తాను లెక్కించినట్టు అమెరికన్ విలేఖరి వెబ్ మిల్లర్ ప్రపంచానికి చాటాడు. ఆ దెబ్బలు తినడానికి ఆ ముసలాయన కూడా సిద్ధపడే బయలుదేరారు. ముందే పట్టుకోబట్టి తప్పాయి గాని, ఆయన తప్పించుకోలేదు.

ఆ రోజుల్లో ఇంట్లో వారికి ఎలా గడిచి ఉంటుంది? వయసు మీరిన మనిషి, జైలు తిండి, మే నెల ఎండ. ఇదేం సంసారం అని అనేవారు ఉంటారు. నా పరిచయస్తుడు ఒకరు, సంసారి అన్నవాడు ముందు ఇల్లు చూసుకోవాలని, ఆ వయసులో జైలుకు పోవడం భార్యాబిడ్డలకు అన్యాయమని నాతో గట్టిగా వాదించారు. ఆ మాట పూర్తిగా కొట్టిపారేయలేకపోయాను. పెద్దాయనకేమైనా అయితే ఆ బాధ పడవలసింది ఇంట్లోవారే కదా. కాని ఆ ఇంట్లోవారు ఎవరూ ఆయన కొంగు పట్టుకుని వెనక్కు లాగినట్టు లేదు. ఆయన పెంపకమే వారికి ఆ ధైర్యం ఇచ్చింది. మనుమడు ఇర్ఫాన్ హబీబ్ 1931లో బరోడాలోనే పుట్టారు. చరిత్రకారుడిగా తరువాత అంత పేరు గడించింది ఆ బిడ్డే.

వయసు పైబడ్డాక వేసవుల్లో కొండప్రాంతం చల్లగా ఉంటుందని ముస్సోరీలో ఉండేవారు. అక్కడే 1936 జూన్ 9న, ఎనభై రెండేళ్ళ వయసులో కన్నుమూశారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజివూన్. గాంధీగారు ఆ నెలలోనే హరిజన్ పత్రికలో ఆయన మీద వ్యాసం రాశారు. గుజరాత్ పితామహుడన్నారు. హిందూ ముస్లిం భేదం ఎరుగని మనిషి అన్నారు. సుఖంలో పుట్టి పెరిగినవాడు ఆ వయసులో కష్టాన్ని అలా కౌగిలించుకోవడం తేలిక కాదని మెచ్చుకున్నారు.

జడ్జీగారు పోయేనాటికి మనుమడు ఇర్ఫాన్‌కు ఇంకా అయిదేళ్ళు నిండలేదు. పెద్ద కూతురు షరీఫాకు యాభై మూడో ఏడు. సూట్లు, చోగాలు ఎప్పుడో బూడిదయ్యాయి. ఇంట్లో మిగిలినవి ఖద్దరు బట్టలు, ఉత్తరాల కట్టలు.